పెనుకొండ మౌనంలో మా అత్త గొంతు

మొన్న శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి ఫోను చేసి, బెంగుళూరు అవతల ఏదో ధ్యానకేంద్రానికి రిట్రీట్‌కు వచ్చానని, ఇంకాసేపట్లో అందరి ఫోన్లూ తీసుకుని బుట్టలో పెట్టేస్తారని, ఆదివారం సాయంత్రం దాకా తన గొంతు వినపడదని, అందుకు నేను కంగారు పడకూడదని చెప్పింది. నలభై దాటిన మనిషి, కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషి, ఎదిగిన పిల్లలున్న మనిషి రెండు రోజులు నోరు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటానంటే తల్లి సంతోషించాలి గదా. నేనూ సంతోషంగానే మాట్లాడాను. ఫోను పెట్టేసిన దగ్గరనుంచి మాత్రం కాలు ఒకచోట నిలవలేదు. హిందూపురంలో మా ఇంటి వరండాలో కూర్చుని జపమాల తిప్పుతున్నానే గాని, పూసకూ పూసకూ మధ్య చెయ్యి ఫోను మీదికే పోతోంది. మా ఆయన పేపరు పక్కన పెట్టి కాసేపు నా వాలకం చూసి, “ఆడ దేవుడే ఉండాడు గదా, మళ్ల నువ్వెందుకు కాపలా?” అని నవ్వాడు. నవ్వాడే గాని ఆయన కూడా ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మౌనధ్యానం అనే మాట వినగానే మా ఇంట్లోకి ఈ గుబులు ఎక్కడినుంచి వచ్చి కూర్చుంటుందో మా ఇద్దరికీ తెలుసు.

ఆ రోజుల్లో నేను హిందూపురంలో ఒక కాన్వెంటు బడిలో కొత్తగా చేరిన టీచరును. మాది రొద్దం పక్కన పల్లె, వానను నమ్ముకుని వేరుశనగ వేసే ఇల్లు, మా తాత కాలంనుంచి ఆదివారం పూజకు పోయే క్రైస్తవ కుటుంబం. మా ఆయనది ధర్మవరం. వాళ్లది ఇంటిల్లిపాదీ పట్టుచీరలు నేసే ఇల్లు. ఆయన మాత్రం మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం కంటే ఊళ్లు తిరగడం ఇష్టపడి, హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో ఒక వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. మేమెట్లా కలిశామో చెప్పుకుంటూ పోతే ఈ మాట వేరే దారి పడుతుంది. ధర్మవరం ప్యాసింజరు రైలు ఆలస్యంగా నడిచే అలవాటుకు మేమిద్దరం చాలా రుణపడి ఉన్నామని మాత్రం చెప్పి ఊరుకుంటాను. పెళ్లి మా గుడిలో, అంటే చర్చిలో, అక్కడి విచారణ గురువు ఫాదరు చేతుల మీదుగా జరిగింది. మా మామ అప్పటికే లేడు. మా ఆయన తరఫున దూరపు చిన్నాయన ఒక్కడే వచ్చి, భోజనం చేసి, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు తొందరగా వెళ్లిపోయాడు. మా అత్త రాలేదు.

మా అత్త గురించి అబద్ధం చెప్పకూడదు. ఆమె నన్ను శపించలేదు, వీధిలో కూర్చుని రాగాలు తీయలేదు, కొడుకును గడప తొక్కవద్దని అనలేదు. నాతో మాట్లాడడం మాత్రం మొదలుపెట్టనే లేదు. పెళ్లయిన తర్వాత మా ఆయన పట్టుబట్టి నన్ను రెండు మూడు పండగలకు ధర్మవరం తీసుకుపోయాడు. ఆమె మగ్గం మీదనుంచి తల ఎత్తకుండా, చేతికందే దూరంలో నిలబడ్డ నన్ను దాటి, కొడుకుతో, “ఏమప్పా, ఎవరికన్నా కాఫీ గావాల్నేమో కనుక్కో,” అనేది. అన్నం వడ్డించేది, మంచి ముక్క నా విస్తట్లోనే వేసేది, కాని చూపు విస్తరి అంచు దాటి పైకి వచ్చేది కాదు. నా పేరు ఆమె నోట ఒక్కసారీ రాలేదు. తిట్టినా బాగుండేదని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. తిట్టే మనిషికి బదులు చెప్పవచ్చు, కాళ్లు పట్టుకోవచ్చు. మాట్లాడని మనిషి ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తోచదు. పాప పుట్టాక కొంచెం కరిగింది, కాని కరిగింది పాప మేరకే. కొడుకు చేతుల్లోనుంచి అయితే బిడ్డను అందుకునేది. నేను చాపితే అందుకునేది కాదు. నేను చాప మీద పడుకోబెట్టి రెండడుగులు వెనక్కి వేస్తే, అప్పుడు వంగి ఎత్తుకునేది.

వేసవి సెలవుల చివర్లో, బడి తెరవడానికి ముందు, మా బడి టీచర్లందరికీ పెనుకొండలో మూడు రోజుల రిట్రీట్ పెట్టేవాళ్లు. మా పెద్ద సిస్టరు, అంటే మా బడి హెడ్మిస్ట్రెసు, చాలా మంచి మనిషి, అంతే కఠినమైన మనిషి. కొత్తగా చేరినవాళ్లు రాలేమంటే ఆమె కాదనేది కాదు, ఊరికే కళ్లజోడు తీసి తుడుచుకునేది. ఉద్యోగం ఇంకా ఖాయం కాని మాకు ఆ తుడుచుకోవడం చాలు, పెట్టె సర్దుకోవడానికి. పాపకు అప్పటికి ఏడాది నిండలేదు, పాలు మాన్పించి వారమో పది రోజులో అయ్యింది. మా అమ్మ కాలు విరిగి మంచంలో ఉంది. మా ఆయన ఆ వారమంతా అగళి వైపు పల్లెల్లో గూళ్లు కొనడానికి తిరగాలి. ఇక మిగిలింది ధర్మవరమే. ఇందులో ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ రిట్రీట్‌కు పోవాలని నాకూ ఉండింది. రెండేళ్లుగా బడి, ఇల్లు, పిల్ల, ఆ మాట్లాడని మనిషి గురించిన దిగులు, వీటి నడుమ ప్రార్థనకు మోకరించినా సగంలోనే నిద్ర పట్టేది. మూడు రోజులు ఎవరికీ ఏమీ చెప్పకుండా దేవుడి ముందు కూర్చోవచ్చంటే దాహానికి నీళ్లు చూపించినట్టయ్యింది.

రిట్రీట్‌కు బయలుదేరిన పొద్దున ధర్మవరంలో దిగేసరికే ఎండ మండుతోంది. మా వాళ్ల వీధిలో ఏ ఇంటి ముందు నడిచినా లోపలినుంచి మగ్గాల చప్పుడు, టకటకమని, ఎవరో తలుపు తట్టినట్టు. ఆ పూటకు పని ఆపుకుని వచ్చిన మా ఆయన పాపను ఎత్తుకుని ముందు నడిచాడు. మా అత్త బిడ్డను ఆయన చేతుల్లోనుంచి అందుకుంది. నేను ఆయనతో చెబుతున్నట్టుగా, ఆమెకు వినపడేంత గట్టిగా, నీళ్లు కాచి చల్లార్చి పట్టమని, మధ్యాహ్నం పాలు విరిగిపోతాయేమో చూసుకోమని, బయట గాలికి తిప్పవద్దని, ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఆమె పాప జుట్టు సవరిస్తూ దూలాల వైపు చూస్తూ ఉంది. విన్నదో లేదో తెలియలేదు. పాప ఆమె చెంగు పట్టుకుని లాగుతూ నవ్వుతోంది, నేను వెళ్తున్నానని కూడా గమనించలేదు. నా రొమ్ములు ఇంకా పూర్తిగా ఎండలేదు. బస్సు ఎక్కి కూర్చున్నాక రవిక తడిసింది, చెంగు కప్పుకుని పెనుకొండ దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ పోయాను.

పెనుకొండలో రిట్రీట్ జరిగే బంగళా కొండకు దిగువన, ఊరికి కొంచెం ఎడంగా ఉండేది. మందపాటి రాతిగోడలు, చుట్టూ వేపచెట్లు, ముందు ఒక పెద్ద ఇనుప గేటు. లోపల చిన్న ప్రార్థన మందిరం. మొదటి సాయంత్రం ధ్యానాలు చెప్పడానికి వచ్చిన ఫాదరు, పెద్ద వయసు ఆయన, మెల్లని గొంతుతో నియమాలు చెప్పాడు. ఆ క్షణంనుంచి మూడో రోజు సాయంత్రం పూజ దాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు, సైగలు కూడా అవసరానికే, నడిచేటప్పుడు కళ్లు నేలమీద ఉండాలి, ఎదుటి మనిషి ముఖంలోకి చూసి ఆమె ధ్యానం చెదరగొట్టకూడదు. నా ఈడువాళ్లలో ఇట్లాంటి రిట్రీట్‌లకు పోయినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మొదటి పూట అది ఆటలాగే ఉంటుంది. భోజనాల దగ్గర ఒక సిస్టరు ఏదో పుణ్యచరిత్ర పైకి చదువుతుంటే, మేము రాగిముద్ద ముందు పెట్టుకుని, ఉప్పు కావాలని ఎట్లా అడగాలో తెలియక వేళ్లతో చిటికెడు చూపించుకుంటూ, నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగుతూ కూర్చున్నాం.

రెండో రోజుకు ఆ నవ్వు పోయింది. మాట ఆగిపోతే మనసు కూడా నెమ్మదిస్తుందని అనుకుని వచ్చినదాన్ని, అది ఎంత అబద్ధమో అక్కడ తెలిసింది. బయట చప్పుడు తగ్గేకొద్దీ లోపలి చప్పుడు పెద్దదయ్యింది. పాప నీళ్లు ఎవరు కాచి ఉంటారు? మా అత్త మగ్గం మీద ఉంటే పాప గుంతలోకి పాకిపోతే? పాలు మాన్పించిన పిల్ల మధ్యాహ్నం నిద్రలేచి నన్ను వెతుక్కుంటే ఆమె ఏం చెబుతుంది? నా పేరే పలకని మనిషి, నీ అమ్మ వస్తుందని నా బిడ్డకు చెబుతుందా? దూరంగా స్టేషను వైపునుంచి రైలు కూత వినపడినప్పుడల్లా, అది ధర్మవరం పోయే బండా, అటునుంచి వచ్చే బండా అని లెక్క వేసుకునేదాన్ని. ఫాదరు ఆ పొద్దున ధ్యానంలో, మీ చేతుల్లో గట్టిగా పట్టుకున్నదాన్ని దేవుడి చేతుల్లో పెట్టండి అని చెప్పాడు. అందరూ తలలు వంచుకున్నారు. నేను మాత్రం, నా బిడ్డను పెట్టింది దేవుడి చేతుల్లో కాదు, నన్ను చూసి తల తిప్పుకునే మా అత్త చేతుల్లో గదా అనుకుంటూ బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక పెద్ద సిస్టరు దగ్గరికి పోయి నిలబడ్డాను. ఊళ్లోకి పోయి ఎవరిచేతనైనా కబురు పంపిస్తానని అడగాలనుకున్నాను. ధర్మవరంలో మా వాళ్లకు ఫోనెక్కడిది, బస్సు కండక్టరుతో చెప్పి పంపడమే. నోరు తెరవడానికి భయపడి, పిల్లను ఎత్తుకున్నట్టు చేతులు చూపించాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె ఏం అర్థం చేసుకుందో, బాలయేసును చేతుల్లో ఎత్తుకున్నంత భక్తిలో ఉన్నాననుకుందో ఏమో, చాలా ప్రేమగా నా తలమీద చెయ్యి పెట్టి, నుదుట సిలువ గుర్తు వేసి, తన దారిన తాను వెళ్లిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు ఆ వరండాలోనే స్తంభానికి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. నా పక్కనుంచి నడిచిన ఇద్దరు టీచర్లు, నా పశ్చాత్తాపానికి అడ్డం రాకూడదని, కళ్లు నేలమీద పెట్టుకుని వెళ్లిపోయారు.

మూడో రోజు పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు నేను మందిరంలో ఉన్నాను. సాయంత్రం పూజ అయితే నోళ్లు తెరుచుకుంటాయి, చివరి బస్సుకు ధర్మవరం పోయి పడతాను అని ఆ ఒక్క మాటనే ప్రార్థనలాగా అనుకుంటూ కూర్చున్నాను. ఎక్కడో చిన్నపిల్ల మూలిగినట్టు వినపడింది. రెండు రోజులనుంచి గాలి వీచినా నాకు పిల్ల ఏడుపే వినపడుతోంది గనక కళ్లు గట్టిగా మూసుకున్నాను. అప్పుడు ఒక ఆడమనిషి గొంతు, ఆ రాతిగోడలు అదిరేటట్టు, ఒక పేరు పెట్టి కేక వేసింది. మళ్లీ వేసింది. ఆ గొంతు నాకు తెలుసు. కాని ఆ గొంతు నన్ను ఉద్దేశించి ఎన్నడూ పలకలేదు గనక, ఆ పిలిచిన పేరు నాదేనని తెలుసుకోవడానికి నాకు కాసేపు పట్టింది.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. గేటుకు తాళం. అవతల ఎండలో మా అత్త, చెంగు మొత్తం తీసి చంకలోని పాపమీద నీడగా కప్పి, ఒక చేత్తో ఊచ పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు ఊడిపోయి ముఖమంతా చెమట. వాచ్‌మన్ సరుకులకు ఊళ్లోకి పోయాడట. ఆమె చాలాసేపటినుంచి అక్కడే నిలబడి, వేపచెట్ల కింద తలలు వంచుకుని నడుస్తున్నవాళ్లను ఏమ్మా, ఏమక్కా అని పిలుస్తూ ఉందట. దూరంగా ఉన్నవాళ్లకు పాప కనపడలేదు. ఎవరో బిచ్చానికి వచ్చిందనుకున్నారో, ఎవరి చుట్టమో సాయంత్రం దాకా ఆగుతుందిలే అనుకున్నారో, ఒకామె నోటిమీద వేలు పెట్టుకుని చూపించి వెనక్కి తిరిగిందట. ఇక ఓర్చుకోలేక నన్ను పేరు పెట్టి పిలిచింది.

“ఏమ్మే, బిడ్డను సూడు! రేతిరినుంచి కక్కుతాండాది, బేదులు. పాలు ముట్టల్యా, నీళ్లు నిలవల్యా. ఆడ డాక్టరు మందిచ్చినాడు గాని అదీ కక్కేసింది. నీ మొగుడు యాడుండాడో తెల్దు. హిందూపురం డాక్టరమ్మకాడికి పోదామని బస్సెక్కితి, దోవలో నిన్ను గూడా పిల్సుకపోదామని దిగితి. ఈడ ఒగరన్నా నోరు తెరిస్తే గదా!”

ఊచల మధ్యనుంచి చెయ్యి పెట్టి పాప ముఖం తాకాను. కళ్లు లోపలికి పోయాయి. నడినెత్తిన మాడు గుంట పడి ఉంది. నన్ను చూసి ఏడవబోయింది, నోరు తెరుచుకుంది గాని గొంతు రాలేదు, కళ్లల్లో నీటిచుక్క లేదు. అప్పటికి నా వెనకాల బంగళా అంతా పరిగెత్తుకొచ్చింది. మూడు రోజులుగా పేరుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బద్దలై తలొకటి అంటున్నారు. ఒకరు తాళంచెవి కోసం, ఒకరు నీళ్ల కోసం. పెద్ద సిస్టరు కళ్లజోడు ఎక్కడో పడేసుకుని, “ఉప్పూ చక్కెరా కలిపి తెండి,” అని కేకలు వేస్తోంది. ఫాదరు లోపలికి పోయి, జీపు తాళాలతో వచ్చి, తానే నడపడానికి కూర్చున్నాడు.

గేటు తీశాక మా అత్త పాపను నా చేతుల్లో పెట్టింది. చాప మీద పడుకోబెట్టలేదు, కొడుకు కోసం చూడలేదు. జీపు వెనక సీట్లో నేనూ ఆమే పక్కపక్కన, ముందర ఫాదరు పక్కన పెద్ద సిస్టరు. పెనుకొండనుంచి హిందూపురం దాకా ఆ రోజుల్లో రోడ్డు ఎట్లా ఉండేదో తిరిగినవాళ్లకు తెలుసు. ప్రతి గుంతకూ పాప తల వేలాడిపోకుండా నా అరచెయ్యి కింద పెట్టాను. గ్లాసులోని నీళ్లు తడి గుడ్డతో పెదాలమీద చుక్కలుగా వేస్తుంటే, సగం మింగుతోంది, సగం కారిపోతోంది. మా అత్త మాట్లాడుతూనే ఉంది. రెండేళ్లనుంచి ఆపి పెట్టినదంతా ఆ దారిలోనే చెప్పేయాలన్నట్టు, ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. మొదటి రోజు పాప బాగా ఆడుకుందని, నీళ్లు తాను కాచే పట్టిందని, నేను చెప్పింది ప్రతి ముక్కా విన్నదని, పక్కింటి పిల్లలెవరో ఎండకు నిలవున్న పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టారని, తాను మగ్గం దిగేలోపలే అది జరిగిపోయిందని, చెప్పిందే మళ్లీ చెప్పింది. నన్ను మోచేత్తో పొడిచింది.

“పలకవేమే? నామీద కోపమా? తిట్టు, పడతా. ఊరికే ఉండొద్దు, నాకు బయమైతాండాది.”

నాకు కోపం లేదు. మాట రావడం లేదు. మూడు రోజులు మూసుకున్న గొంతో, భయానికి ఎండిపోయిన గొంతో, పెదాలు కదుపుతున్నాను గాని చప్పుడు బయటికి రాలేదు. అంతకాలం ఆమె ఒక్క మాటకోసం నేను ఎదురుచూసి ఉంటే, ఆమె మాట్లాడిన రోజున బదులు చెప్పడానికి నాకు గొంతు లేకపోయింది. చేతనైనది ఆమె చెయ్యి తీసుకుని పాప గుండె మీద పెట్టడం. లోపల చిన్నగా, తొందర తొందరగా కొట్టుకుంటూ ఉంది. ఆమె ఆ చెయ్యి మళ్లీ తీయలేదు. సోమందేపల్లి దాటినంక కాసేపు పాప కళ్లు తెరవలేదు. అప్పుడు ఆమె కూడా మాట ఆపేసింది. ముందు సీట్లో పెద్ద సిస్టరు పెదాలు కదులుతున్నాయి. పక్కన మా అత్త తన ఇంటి దేవుళ్లందరినీ, చివరికి మా మరియతల్లిని కూడా, ఒక్కొక్కరినే పేరు పెట్టి మెల్లగా పిలవడం విన్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాపను చూడగానే కుర్చీలోంచి లేచింది. చేతుల్లో నరం దొరకలేదు. పాదంలో వెతికి, మళ్లీ వెతికి, ఎట్లాగో సూది దించింది. సీసాలోనుంచి చుక్క చుక్క పడుతుంటే మేమిద్దరం మంచానికి అటొకరు ఇటొకరు నిలబడ్డాం. డాక్టరమ్మ మాతో దాచకుండా, బిడ్డ ఒంట్లో నీరు చాలా పోయిందని, ఇప్పుడే ఏమీ చెప్పలేనని, ఉచ్చ పోస్తే అప్పుడు ధైర్యం చెబుతానని, అంతవరకు చూస్తూ ఉండమని చెప్పి, పక్క మంచానికి పోయింది. లోకంలో తల్లులు దేవుణ్ణి ఎన్నో అడిగి ఉంటారు. ఆ మధ్యాహ్నమంతా నేను అడిగింది అదొక్కటే. గుడ్డ తాకి చూడడం, పొడిగా ఉండడం. మళ్లీ చూడడం, మళ్లీ పొడిగానే ఉండడం. కిటికీలోంచి పడే ఎండ గోడమీదికి ఎక్కుతూ పోయింది. కాళ్లు నొప్పి పుట్టి మా అత్త మంచం అంచున కూర్చుని, సూది పెట్టిన కాలు కదలకుండా నన్ను పట్టుకోమని, పాపను ఒళ్లోకి తీసుకుంది. ఫాదరూ పెద్ద సిస్టరూ బయట బెంచీ మీద కదలకుండా కూర్చున్నారు.

సాయంత్రం పూట, బయట గూళ్లకు చేరే కాకుల గోల మొదలైన వేళకు, మా అత్త ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. నా ప్రాణం పోయినంత పనైంది. తన ఒడి వైపు చూసుకుని, చెయ్యి పెట్టి తడిమి, ఆసుపత్రి అంతా తిరిగి చూసేటట్టు అరిచింది.

“పోసిందమ్మే! నా కోక మీదనే పోసింది! సూడు, సూడు!”

ఆ తడి కోకను రెండు చేతులా పట్టుకుని నాకు చూపిస్తూ నవ్వుతోంది, ఏడుస్తోంది. అప్పుడు నాకు గొంతు వచ్చింది. వచ్చిన మొదటి మాట అత్తా అని. డాక్టరమ్మ వచ్చి చూసి, ఇక భయం లేదనలేదు గాని, చిన్నగా తల ఊపింది. అది చాలు. ఫాదరు తలుపు దగ్గరికి వచ్చి, సంగతి విని, సిలువ గుర్తు వేసుకుని, పెనుకొండలో చివరి పూజకు వాళ్లంతా తనకోసం కాచుకుని ఉంటారని పెద్ద సిస్టరును తీసుకుని జీపు దగ్గరికి వెళ్లాడు. ఎవరో చెబితే విని మా ఆయన దీపాలు పెట్టే వేళకు పరిగెత్తుకొచ్చాడు. గది వాకిట్లోనే ఆగిపోయాడు. లోపల వాళ్లమ్మ, పాలు అంత తొందరగా ఎవరు మాన్పించమన్నారని నన్ను దులిపేస్తోంది, నేను దీటుగా బదులు చెబుతున్నాను. తప్పు గదిలోకి వచ్చానేమోనని తలుపుమీది నెంబరు చూసుకున్నానని ఆయన ఇప్పటికీ చెబుతాడు.

పాప, మొన్న ఫోను చేసిన ఈ అమ్మాయే, కోలుకోవడానికి వారం పట్టింది. ఆ వారం మా అత్త హిందూపురంలో మా అద్దె ఇంట్లోనే ఉంది, మొదటిసారిగా. గోడమీద సిలువను చూసి ఏమీ అనలేదు, దానికింద దీపం మసి తుడవలేదని మాత్రం కసిరింది. అక్కడనుంచి ఇరవై ఏళ్లకు పైగా, ఆమె పోయేదాకా, నాతో పోట్లాడని రోజు లేదు. పులుసులో చింతపండు దగ్గర, పిల్ల జడ దగ్గర, నేను కట్టే చీర రంగు దగ్గర, దేనికైనా సరే. బడి తెరిచాక పెద్ద సిస్టరు నా ఉద్యోగం ఖాయం చేసింది. ఆ రోజు సంగతి ఎత్తలేదు, కాని మరుసటి ఏడాదినుంచి రిట్రీట్ జరిగినన్ని రోజులూ ఆ గేటు దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండేటట్టు చూసింది. ఏటేటా వేసవి చివరకు మా అత్త ధర్మవరంనుంచి వచ్చి దిగేది. ఆమె మా గుడిలోకి ఎన్నడూ రాలేదు, నేను రమ్మనలేదు. నా సంచి తానే సర్ది, “పో, నోరు మూసుకోని రాపో. ఈడ నేనుండా,” అని బస్సు ఎక్కించేది. ఆ మాట విని పోయిన ఏళ్లల్లో నాకు మౌనం నిజంగా చిక్కింది. భయం పూర్తిగా పోయిందనను. వేపచెట్ల కింద నడుస్తుంటే అప్పటికీ ఒక చెవి గేటు వైపే ఉండేది. దేవుడు ఆ చెవిని నాకు అట్లాగే ఉండనిచ్చాడని అనుకుంటాను.

ఇప్పుడు అవేవీ లేవు. ధర్మవరంలో మా వాళ్ల వీధిలో చేతిమగ్గాలు నడిచే ఇళ్లు ఒకటీ అరా మిగిలాయి. మిగతావాటిలో కరెంటు మగ్గాల మోత, దాని పక్కన నిలబడి మాట్లాడుకోవాలంటే అరవాలి. పెనుకొండ బంగళా చేతులు మారింది. ఆ వైపంతా కార్ల ఫ్యాక్టరీలు, వాటికోసం వచ్చినవాళ్ల ఇళ్లు. పోయిన నెల మా అల్లుడు కారులో ధర్మవరంనుంచి తీసుకొస్తుంటే, వేపచెట్లు ఎక్కడైనా కనపడతాయేమోనని కిటికీకి ముఖం ఆనించి చూశాను. పెద్ద రోడ్డు ఊళ్లోకి పోనే పోదు. కొండ ఒకసారి పక్కకు వచ్చి, వెనక్కి జారిపోయింది. నేను చెప్పాలనుకున్న మాట కూడగట్టుకునేలోపల హిందూపురం వచ్చేసింది. ఆ రోజు దారి ఇట్లా ఉండి ఉంటే బిడ్డ అంత బాధ పడేది కాదు గదా అనుకున్నాను. ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని కూర్చున్నాక మాత్రం ఇంకొకటి తోచింది. దారి ఇంత తొందరగా అయిపోయేదయితే, మా అత్త ఆ మాటలన్నీ నాతో ఎప్పుడు చెప్పి ఉండేది?